చెప్పాపెట్టకుండా

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఫోన్ మోగింది. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. పనిలో మూడొంతులు ప్రింటర్లూ, నెట్ రాని గదులూ. మిగతాది, సైన్స్ డిపార్ట్‌మెంట్లన్నీ కలిసి వాడుకునే ఒక పెద్ద సర్వర్ని కనిపెట్టుకుని ఉండటం. ఫోన్ చేసింది ఒక ఎంటెక్ కుర్రాడు. "సర్, సర్వర్ అస్సలు కదలట్లేదు. లాగిన్ అవ్వడానికే ఐదు నిమిషాలు పడుతోంది. రేపు మా అందరికీ ప్రాజెక్ట్ సబ్మిషన్." వెనకాల ఇంకో నలుగురి గొంతులు వినబడుతున్నాయి.

ఇంట్లో కూర్చునే లాగిన్ అయ్యాను. నిజంగానే కదలట్లేదు. మెమరీ నిండిపోయి, చాలని చోటు కోసం డిస్క్ మీద రాసుకుంటూ, చెరుపుకుంటూ మెషీన్ ఆయాసపడుతోంది. లెక్క చూస్తే మెమరీలో సగానికి పైగా ఒక్క మనిషి దగ్గరే ఉంది. సర్వర్ మీద ఎవరెవరు ఉన్నారో చూపించే కమాండ్ ఒకటి ఉంటుంది, దాని పేరు ఒకటే అక్షరం: డబ్ల్యూ. అది కొడితే ఒక పట్టిక వస్తుంది. మనిషి పేరు, ఏ టెర్మినల్, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎప్పుడొచ్చాడు, ఎంతసేపట్నించి ఖాళీగా ఉన్నాడు, ఏం నడుపుతున్నాడు. ఇతను కెమిస్ట్రీ పీహెచ్‌డీ స్కాలర్. బుధవారం సాయంత్రం లాగిన్ అయ్యాడు. 'ఖాళీ' అన్న గడిలో మూడు రోజులు అని ఉంది.

మూడు రోజులుగా మనిషే లేడన్నమాట, అనుకున్నాను.

పీకిల్, మైనస్ తొమ్మిది, మైనస్ యూ, అతని పేరు, ఎంటర్. ఒక్క సెకను పట్టింది. మెషీన్ ఊపిరి పీల్చుకుంది. ఎంటెక్ కుర్రాడికి ఫోన్ చేసి "ఇప్పుడు చూడు" అన్నాను. "సూపర్ సర్, థాంక్యూ సర్" అన్నాడు. వెళ్లి ఇడ్లీ తిన్నాను.

*

మంగళవారం అతను మా ఆఫీసు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సన్నగా, చేతిలో నోట్‌బుక్‌తో. "అన్నా, వీకెండ్‌ల సర్వర్ డౌన్ అయిందా?" అని అడిగాడు.

అడగడంలో నిందేమీ లేదు. వాన పడిందా అని అడిగినట్టు అడిగాడు. ఆ ప్రశ్న నాకొక తలుపు తీసిపెట్టింది, నేను అందులోంచి హాయిగా వెళ్లిపోయాను. "అవును తమ్ముడూ, లోడ్ ఎక్కువైంది. డౌన్ అయింది" అన్నాను. సరే అన్నా అని వెళ్లిపోయాడు.

గంట తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, అప్‌టైమ్ నూట నలభై మూడు రోజులు చూపిస్తుంది" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం: అప్‌టైమ్ అంటే సర్వర్ ఆఖరిసారి ఆన్ అయ్యి ఎంతకాలమైందో చెప్పే లెక్క. డౌన్ అయి లేస్తే అది మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. నూట నలభై మూడు రోజులు అంటే సర్వర్ ఆగలేదు. ఆగింది అతనొక్కడిదే. ఆ మాట అతను అనలేదు. అంకె చెప్పి ఊరుకున్నాడు.

అప్పుడు చెప్పాను. ఎంటెక్ వాళ్లు ఫోన్ చేశారని, మెమరీ నిండిపోయిందని, మూడు రోజులు ఖాళీగా ఉన్నట్టు చూపిస్తే నువ్వు లేవనుకున్నానని. అతను అంతా విన్నాడు. "నేను ఉన్ననన్నా. రన్ నడుస్తున్నది కదా, అయ్యేదాక కీబోర్డ్ ముట్టుకోలే" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. అతని ప్రోగ్రాం నడుస్తున్న ఫోల్డర్లో 'స్టాప్' అనే పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెడితే చాలట, అది చేస్తున్న అంచె పూర్తిచేసి, అప్పటిదాకా వచ్చిన లెక్కంతా డిస్క్ మీద రాసి, తనంతట తనే ఆగిపోతుందట. మళ్లీ ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టుకోవచ్చు. "ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది కదన్నా. ఇరవై నిమిషాల పని."

అతని ఫోన్ నంబర్ మా దగ్గరుంది. అకౌంట్ ఇచ్చేటప్పుడు నింపించుకున్న ఫారంలో, నా టేబుల్ పక్కనున్న బీరువాలో.

*

ఇది జరిగి చాలా ఏళ్లయింది. అతను ఆ రన్ మళ్లీ చేసుకున్నాడు, పీహెచ్‌డీ వచ్చింది, ఎవరి జీవితమూ పాడైపోలేదు. కానీ ఆ ఆదివారం నన్ను వదల్లేదు. చాలాకాలం పాటు నా తప్పు సాంకేతికమైనదే అనుకుని సర్దుకున్నాను. అదేమిటో చెప్తాను, ఎందుకంటే అందులో కొంత నిజముంది.

యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాంని ఆపడానికి సంకేతాలు ఉంటాయి. ప్రతిదానికీ ఒక నంబర్. ఒకటో నంబర్ పేరు హ్యాంగప్. టెలిఫోన్ లైన్ల మీద, మోడెమ్‌లతో దూరం నుంచి కంప్యూటర్ వాడుకునే రోజుల్లో అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తే వెళ్లే సంకేతం అది. లైన్ కట్టయింది, మీ మనిషి వెళ్లిపోయాడు, ఇక మీరూ సర్దుకోండి అని. ఇప్పుడు ఫోన్ లైన్లూ లేవు, మోడెమ్‌లూ లేవు, పేరు మాత్రం మిగిలింది. పదిహేనో నంబర్ టెర్మినేట్. ఇది విన్నపం. ప్రోగ్రాం దాన్ని అందుకోవచ్చు, తెరిచిన ఫైళ్లు మూసుకోవచ్చు, రాయాల్సింది రాసుకోవచ్చు, ఆ తర్వాత పోవచ్చు. తొమ్మిదో నంబర్ కిల్. దీన్ని ఏ ప్రోగ్రామూ అందుకోలేదు, ఆపలేదు, వద్దనలేదు. అసలు తనకి ఏం జరిగిందో కూడా దానికి తెలీదు. ఉన్నది ఉన్నట్టు లేకుండా పోతుంది.

మర్యాద తెలిసిన అడ్మిన్ ముందు పదిహేను పంపి, కాసేపు ఆగి, వినకపోతేనే తొమ్మిది పంపాలని పుస్తకాల్లో ఉంటుంది. మరి అందరం నేరుగా తొమ్మిదికి ఎందుకు వెళ్తామంటే, మనిషి ఎదురుగా కూర్చుని టైపు చేసే బ్యాష్ షెల్ పదిహేనుని పట్టించుకోదు. దాన్ని అలాగే రాశారు. సెషన్ ముగించబోయి పదిహేను పంపితే ఏమీ జరగదు. అదే షెల్ ఒకటో నంబరుకి లొంగుతుంది, తను మొదలుపెట్టిన పనులకి కూడా ఆ కబురు అందిస్తుంది. కానీ అంత ఓపిక ఎవరికి? రెండుసార్లు పదిహేను పనిచెయ్యకపోయేసరికి మూడోసారి నుంచి చెయ్యి తొమ్మిది మీదికే పోతుంది. క్రూరత్వం చాలాసార్లు ఇలాగే అలవాటవుతుందేమో. మెత్తగా చెప్పిన మాట ఒకటి రెండుసార్లు వృథా అయితే చాలు.

కాబట్టి నా తప్పు తొమ్మిది వాడటం, పదిహేనో ఒకటో వాడి ఉంటే సరిపోయేది అనుకున్నాను. ఓ రోజు కూర్చుని ఆలోచిస్తే అదీ నిలబడలేదు. అతని ప్రోగ్రాంకి సంకేతాలు అందుకోవడం రాదు. ఒకటి పంపినా, పదిహేను పంపినా అలాగే పోయేది. దాన్ని కాపాడే ఉపాయం సిగ్నళ్లలో లేదు, ఆ 'స్టాప్' ఫైల్లో ఉంది. అది ప్రపంచంలో అతనికీ, బహుశా అతని గైడుకీ మాత్రమే తెలుసు.

ఇక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. ముందుగా చెప్పడం మర్యాద కోసమని, అవతలివాళ్ల మనసు నొచ్చకుండా ఉండటానికని అనుకుంటూ ఉంటాం. అది చిన్న కారణం. పెద్ద కారణం ఏమిటంటే, ఒక పనిని పాడవకుండా ఎలా ఆపాలో ఆ పని చేస్తున్నవాళ్లకే తెలుస్తుంది. నా దగ్గర రూట్ పాస్‌వర్డ్ ఉంది. ఆ మెషీన్లో నేను చెయ్యలేనిది లేదు. కానీ మూడున్నర రోజుల లెక్కని చెడగొట్టకుండా ఆపడం నాకు రాదు. అధికారం నా దగ్గర, ఆ తెలివిడి అతని దగ్గర ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ఒక్క ఫోన్ కాల్ ఉంది. నేను చెయ్యనిది అదొక్కటే.

*

మొత్తం సర్వర్ని ఆపే కమాండ్ ఇంకోటుంది, షట్‌డౌన్. దానికి పది నిమిషాల గడువిచ్చి చూడండి. ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరి తెర మీదా ఒక ప్రకటన పడుతుంది. ఇన్ని నిమిషాల్లో సిస్టమ్ ఆగబోతోందని. టైము దగ్గరపడేకొద్దీ మళ్లీ మళ్లీ పడుతుంది. ఆఖరి ఐదు నిమిషాల్లో కొత్తవాళ్లని లోపలికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇదంతా ఎవరూ గుర్తుపెట్టుకుని చెయ్యక్కర్లేదు, కమాండ్ లోనే కుట్టేసి ఉంది. అందరినీ పంపించేటప్పుడు అందరికీ చెప్పాలి అన్న నీతిని ఎవరో, ఎప్పుడో ప్రోగ్రాంలో రాసిపెట్టారు.

ఒక్క మనిషిని పంపించే కమాండ్లో అలాంటిదేమీ లేదు. పీకిల్ ఏమీ చెప్పదు. కొత్త లినక్స్‌లలో ఉండే టెర్మినేట్ సెషన్ కూడా ఏమీ చెప్పదు. చెప్పాలనుకుంటే 'రైట్' అని వేరే కమాండ్ ఉంది, ఒకరి తెర మీదికి నాలుగు ముక్కలు పంపొచ్చు. కానీ అది వేరేగా గుర్తొచ్చి, వేరేగా కొట్టాలి.

ఇది కంప్యూటర్లకే ఉన్న జబ్బు కాదేమో అనిపిస్తుంది. మా వీధికంతా కరెంటు పోయేదుంటే ముందురోజు పేపర్లో వేస్తారు, ఫలానా ఫీడర్ కింద పది నుంచి రెండు దాకా అని. వీధంతా చీకటైతే తిట్టేవాళ్లు వందమంది ఉంటారు, అందుకని చెప్తారు. ఒక్కడికి జరిగితే తిట్టేది ఒక్కడే. అతను కూడా ముందు తన వైపే తప్పుందేమో అని వెతుక్కుంటాడు. వైర్ ఊడిందా, బిల్లు కట్టానా, పాస్‌వర్డ్ మర్చిపోయానా అని. గుంపుకి నష్టమైతే అది వార్త. ఒంటరివాడికి నష్టమైతే అది అతని సొంత అనుమానం.

బహుశా అందుకనే చట్టం ఆ ఒంటరివాడి పక్కన ప్రత్యేకంగా నిలబడాల్సి వచ్చింది. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షన్ చూస్తే, బిల్లు కట్టని ఇంటికి కరెంటు తీసెయ్యాలన్నా, కనీసం పూర్తిగా పదిహేను రోజులు ముందుగా, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. గమనించండి, అతను బాకీ ఉన్నాడు. తప్పు అతనిదే. కరెంటు తీసే హక్కు వాళ్లకుంది. అయినా చెప్పి తియ్యాలి. చెయ్యడం న్యాయమే అయినంత మాత్రాన, చెప్పాల్సిన బాధ్యత తీరిపోదన్నమాట.

మన ఇళ్లల్లో ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదంటారు. వాడు ఎవడైనా సరే, ఎంత కోపమున్నా సరే, తిననిచ్చి అప్పుడు మాట్లాడతారు. 'చెప్పాపెట్టకుండా' అన్న మాట మనం ఎక్కడ వాడతామో చూడండి. చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు, చెప్పాపెట్టకుండా పీకేశారు. ఆ మాటలో ఉన్న ఫిర్యాదు వెళ్లినందుకో పీకినందుకో కాదు. దానికి ముందు ఉండాల్సిన ఒక వాక్యం లేనందుకు.

*

ఇక్కడ మీకు రెండు అభ్యంతరాలు వచ్చి ఉంటాయి. నాకూ వచ్చాయి.

మొదటిది: అవతల నలభై మంది ఆగి ఉంటే ఒక్కడి కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటారా? అమెరికన్ తత్వవేత్త టి.ఎం. స్కాన్లన్ 1998లో వచ్చిన 'వాట్ వి ఓ టు ఈచ్ అదర్' అనే పుస్తకంలో ఒక ఊహ చెప్తాడు. టీవీ స్టేషన్ ట్రాన్స్‌మిటర్ గదిలో జోన్స్ అనే మనిషి చెయ్యి పరికరాల కింద ఇరుక్కుంది. బాధాకరమైన షాకులు తగులుతున్నాయి. అతన్ని బయటికి తియ్యాలంటే ప్రసారం పదిహేను నిమిషాలు ఆపాలి. సరిగ్గా అప్పుడే వరల్డ్ కప్ మ్యాచ్ నడుస్తోంది, ఇంకో గంటకి గానీ అయిపోదు. చాలామంది చూస్తున్నారు. మ్యాచ్ అయ్యేదాకా జోన్స్‌ని అలాగే ఉంచుదామా? కూడదంటాడు స్కాన్లన్. చూసేవాళ్ల చిన్న చిన్న నిరాశల్ని రాశిగా పోసి జోన్స్ బాధ పక్కన తూకం వెయ్యకూడదు. ఒక్కో మనిషి అభ్యంతరాన్ని, ఇంకో మనిషి అభ్యంతరంతో విడివిడిగా పోల్చి చూడాలి. అలా చూస్తే జోన్స్ ఫిర్యాదుకి సాటి వచ్చే ఫిర్యాదు ఒక్క ప్రేక్షకుడి దగ్గర కూడా ఉండదు.

కెమిస్ట్రీ స్కాలర్ జోన్స్ కాదు, అతనికి షాకులేమీ తగల్లేదు. కానీ తూకం వేసే పద్ధతి అదే. నేను 'నలభై మంది' అన్న అంకెని చూసి భయపడ్డాను. విడివిడిగా చూస్తే, ఫోన్ చేసి ఉంటే ఆ నలభై మందిలో ఒక్కొక్కరూ పోగొట్టుకునేది ఆదివారం పొద్దున్న ఇరవై నిమిషాలు. ఇతను పోగొట్టుకున్నది మూడున్నర రోజులు. గుంపు పేరు చెప్పి మనం చేసే పనుల్లో చాలావాటిని, ఆ గుంపులో ఒక్కొక్కర్నీ పిలిచి అడిగితే వద్దనే అంటారేమో. ఆ ఎంటెక్ కుర్రాణ్ణి "ఒక ఇరవై నిమిషాలాగు, ఒకతని పని సేవ్ అవ్వాలి" అని అడిగితే ఆగనని ఉండేవాడా? నేను అతన్నీ అడగలేదు.

రెండో అభ్యంతరం గట్టిది: అన్నిసార్లూ ముందుగా చెప్పడం కుదురుతుందా? ఎవరి పాస్‌వర్డో దొంగిలించి లోపలికొచ్చినవాడికి "అయ్యా, పది నిమిషాల్లో తమరి సెషన్ ముగిస్తున్నాం" అని ప్రకటన పంపుతామా? పంపితే ఆ పది నిమిషాల్లో కావాల్సినవన్నీ పట్టుకుపోతాడు. నిజమే. ఇలాంటి ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకి పాస్‌పోర్టు రూపంలో వచ్చింది. 1977లో మేనకా గాంధీని ఏడు రోజుల్లో పాస్‌పోర్టు అప్పగించమన్నారు. కారణం అడిగితే, ప్రజా ప్రయోజనం దృష్ట్యా చెప్పం అన్నారు. ముందుగా నోటీసిస్తే మనిషి దేశం దాటిపోవచ్చు, అందుకని ఇవ్వలేం అన్నది ప్రభుత్వం వైపు నుంచి వాదన. 1978 జనవరిలో తీర్పు వచ్చింది. ముందుగా చెప్పడం వల్ల అసలు ఉద్దేశమే దెబ్బతినేట్టయితే ముందు స్వాధీనం చేసుకోవచ్చు, కానీ ఆ వెంటనే అవతలి మనిషి మాట వినాలి, వినడం అన్నది మాత్రం తప్పదు అని కోర్టు చెప్పింది.

ముందు చెయ్యి, తర్వాత విను. ఈ సూత్రం నా పనికి అతికినట్టు సరిపోతుందని మొదట సంబరపడ్డాను. కానీ ఒక తేడా ఉంది. పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది. విన్న తర్వాత, తప్పయిందనుకుంటే తిరిగి ఇచ్చెయ్యొచ్చు. తర్వాత వినడానికి అర్థం ఉండేది తిరిగి ఇవ్వగలిగే వస్తువు ఉన్నప్పుడే. తొమ్మిదో నంబర్ పంపాక నేను మంగళవారం ఎంత శ్రద్ధగా విన్నా ఏం లాభం? వినడానికి మనిషి ఉన్నాడు గానీ, తిరిగివ్వడానికి నా చేతిలో ఏమీ లేదు.

యూనిక్స్‌లో దీనికీ ఒక సంకేతం ఉంది. దాని పేరు స్టాప్. కిల్ లాగే దాన్ని కూడా ఏ ప్రోగ్రామూ కాదనలేదు. కానీ ప్రోగ్రాం చావదు, ఉన్నచోట ఉన్నట్టు నిలిచిపోతుంది. కంటిన్యూ అని ఇంకో సంకేతం పంపితే అక్కణ్ణుంచే కదులుతుంది. ఆ ఆదివారం నేను స్టాప్ పంపి ఉంటే, కదలని ప్రోగ్రాం మెమరీని మెషీన్ మెల్లగా డిస్క్ మీదికి నెట్టేసేది, మిగతావాళ్లకి చోటు దొరికేది, ఈలోగా నేను బీరువా తీసి ఫోన్ నంబర్ వెతుక్కునేవాణ్ణి. దొంగ అనుకున్నవాడి విషయంలోనూ అంతే. చెప్పకుండా చెయ్యాల్సి వస్తే వెనక్కి తీసుకోగలిగేదే చెయ్యాలి. వెనక్కి తీసుకోలేనిది చెయ్యాలంటే చెప్పే చెయ్యాలి. రెండూ కుదరని సందర్భం ఉండొచ్చు. నేను చూసినవాటిలో మాత్రం, కుదరలేదని నేను చెప్పుకున్నప్పుడల్లా అసలు కారణం బద్ధకమే.

*

నేను చెప్పిన అబద్ధం గురించి కూడా ఒక మాట చెప్పాలి. "సర్వర్ డౌన్ అయింది" అన్నాను. తెలుగులో ఈ సౌకర్యం బాగా ఉంది. ఆగింది, ఆపాను. తెగింది, తెంపాను. పోయింది, పోగొట్టాను. ప్రతి పనికీ రెండు క్రియలుంటాయి. ఒకదాంట్లో చేసినవాడు ఉంటాడు, ఇంకోదాంట్లో ఎవరూ ఉండరు, అదంతట అదే జరిగిపోతుంది. నేను రెండోదాంట్లో దాక్కున్నాను. ఇంకా ఘోరం, అతనొక్కడికి చేసినదాన్ని అందరికీ జరిగినట్టు చెప్పాను. అందరికీ జరిగితే అది వాన లాంటిది, ఎవర్నీ అడిగే పనిలేదు కదా.

ఆ తర్వాత నేను యూనివర్సిటీ వదిలేసి ఒక కంపెనీలో చేరాను. పని అదే, జీతం ఎక్కువ. అక్కడ ఒక సాయంత్రం హెచ్ఆర్ నుంచి టికెట్ వచ్చింది. ఫలానా ఉద్యోగి సెషన్లు ఆరు గంటలకి ముగించి, అకౌంట్ ఆపెయ్యమని. "ఆయనకి చెప్పారా?" అని అడిగాను. ఆరుంపావుకి కాల్ పెట్టాం అన్నారు. ముందు కాల్ అయ్యాక తీసేద్దామా అంటే, పాలసీ ఒప్పుకోదన్నారు. నేను ఆయనకి చెప్పొచ్చా అంటే, అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మీరు చెప్పకూడదండి."

ఆరుకి రెండు నిమిషాల ముందు డబ్ల్యూ కొట్టి చూశాను. పెద్దాయనే, పన్నెండేళ్ల సర్వీసు. ఇంటి దగ్గర్నుంచి లాగిన్ అయి ఉన్నారు. ఖాళీ గడిలో ఒక సెకను అని ఉంది. అంటే టైపు చేస్తున్నారు. విమ్‌లో ఏదో ఫైల్ తెరిచి ఉంది. చెప్పడానికి నాకు నోరుంది, హక్కు లేదు. హక్కున్నవాళ్లు చెప్పేది ఆరుంపావుకి. నా చేతిలో మిగిలింది నంబర్ ఎంచుకోవడమొక్కటే. హ్యాంగప్ పంపాను. ఆ సంకేతం అందితే విమ్ సేవ్ చెయ్యని మార్పుల్ని కూడా ఒక పక్క ఫైల్లో దాచి మరీ పోతుంది. ఎవరూ దాన్ని తెరిచి చూడరని నాకు తెలుసు. అయినా అదే పంపాను. ఉద్యోగం మానేసి ఉండాల్సిందా, చెప్పేసి ఉండాల్సిందా అంటే, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టే మనిషిగా నా దగ్గర గర్వంగా చెప్పుకునే జవాబు లేదు.

ఆరూ నాలుగుకి హెల్ప్‌డెస్క్ ఫోన్ మోగింది. ఆ షిఫ్ట్‌లో నేనే ఉన్నాను.

"ఏవండీ, నా సెషన్ కట్టయింది. మళ్లీ లాగిన్ అవుతుంటే అవ్వట్లేదు. సర్వర్ ఏమైనా డౌన్ అయిందా?"

ఏళ్ల తర్వాత, అదే తలుపు మళ్లీ తెరుచుకుంది. అవునండీ అంటే చాలు. ఇంకో పదకొండు నిమిషాల్లో ఆయనకెలాగూ తెలుస్తుంది.

"లేదండీ," అన్నాను. "సర్వర్ బాగానే ఉంది. మీ సెషన్ మేమే ఆపాం. ఎందుకన్నది నేను చెప్పలేనండీ, మీ మేనేజర్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

అటువైపు చాలాసేపు ఏమీ వినబడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను. కట్టవ్వలేదు.

"సరేనండీ," అన్నారాయన. "చెప్పినందుకు థాంక్స్."